మనుషులు మారిన జెత్రో టల్: 1980 నాటి ‘ఏ’ ఆల్బమ్ మీకూ ఇలాగే వినిపించిందా?

పెన్నాగట్టు, నెల్లూరు

అందరికీ నమస్కారం. నేను వేదాయపాళెంలో ఉంటాను. సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాణ్ని కాను గాని, చెవికి నచ్చినదాన్ని ఒకంతట వదిలిపెట్టను. బ్రిటన్‌కు చెందిన జెత్రో టల్ బృందం 1977లో ‘సాంగ్స్ ఫ్రమ్ ది వుడ్’, 1978లో ‘హెవీ హార్సెస్’, 1979లో ‘స్టార్మ్‌వాచ్’ అని ఏడాదికొకటి చొప్పున తెచ్చిన మూడు ఆల్బమ్‌లు నాకు దాదాపు కంఠతా వచ్చేశాయి. పల్లెపాటల బాణీలు, వేణువు, మాండలిన్ ఒకవైపు, ఎలక్ట్రిక్ గిటార్, చిక్కు తాళాలు మరొకవైపు ఉండి, రెండూ పడుగూ పేకల్లా కలిసిపోయే ఆ తీరు నాకు మరెక్కడా దొరకలేదు.

మూడింటిలోనూ ‘హెవీ హార్సెస్’ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందులో అదే పేరుతో ఉన్న పాట, ట్రాక్టర్లు వచ్చాక పొలం పని నుంచి తప్పుకున్న దుక్కి గుర్రాల గురించినది. అట్ట మీద, బృందానికి పాటలు రాసి, పాడి, వేణువు ఊదే ఇయాన్ ఆండర్సన్ రెండు భారీ గుర్రాలను నడిపించుకుంటూ వస్తుంటాడు. మా తాతగారు ఒంగోలు ఎడ్ల జతను అమ్మేసిన తరువాత కొట్టంలో గుంజకు వేలాడుతున్న పలుపుతాళ్లను ఇంట్లో ఎవరూ చాలాకాలం తీయలేదు. ఆ పాట విన్న ప్రతిసారీ నాకు ఆ తాళ్లే కనిపిస్తాయి.

పోయిన నెల పని మీద చెన్నై వెళ్లినప్పుడు, పాత రికార్డులు అమ్మే ఒక కొట్టులో ఆ తరువాతి ఆల్బమ్, అంటే 1980లో వచ్చిన ‘ఏ’, నా కంటపడింది. బేరమైనా ఆడకుండా కొని, రైలులో నెల్లూరు చేరేదాకా ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం మొదటి వైపు పెట్టిన కాసేపటికి, పక్క గదిలో చదువుకుంటున్న మా అమ్మాయి తలుపు తీసి, “నాన్నా, ఇది ఆ వేణువువాళ్లదేనా?” అని అడిగింది. సరిగ్గా అదే అనుమానంతో నేను అప్పటికి రెండుసార్లు అట్ట తిప్పి చూసుకున్నాను.

వేణువు లేదని కాదు, ఉంది. అయితే మునుపు పాటను చెయ్యి పట్టుకుని నడిపించిన వేణువు ఇక్కడ కీబోర్డులు దయతలచి వదిలిన సందుల్లోంచి తొంగిచూస్తోంది. మార్టిన్ బార్ గిటార్ కూడా గోడకు ఆనుకుని నిలబడినట్టే ఉంది. అడవులు, పండుగలు, గుర్రాలు పోయి రాడార్లు, అణుబాంబులు, తుపాకులు వచ్చాయి. వాద్యకారుల పేర్లు చూస్తే పాతవారిలో మిగిలినది ఆండర్సన్, బార్ ఇద్దరే. మూడుసార్లు మొదటి నుంచి చివరి దాకా ఓపికగా విన్నాను, మనసుకు ఎక్కలేదు.

పెద్దలు చెప్పండి. కొత్తవారి చేతిలో లోపమా, పాతవారు లేని లోటా, మూడు ఆల్బమ్‌లకు అలవాటుపడిపోయిన నా చెవి దోషమా?


ఊరిచివర రేడియో, ఒంగోలు

పెన్నాగట్టు గారూ, మీ చెవిలో దోషమేమీ లేదు. కొత్తవారి చేతుల్లోనూ లేదు. నా దృష్టిలో తప్పంతా అట్ట మీద అచ్చయిన పేరుది.

జరిగిన కథ ఇది. బృందంలో బేస్ గిటార్ వాయించిన జాన్ గ్లాస్కాక్ గుండె జబ్బుతో మంచాన పడటం వల్ల ‘స్టార్మ్‌వాచ్’లో చాలా భాగం బేస్‌ను ఆండర్సనే వాయించుకోవలసి వచ్చింది. 1979 నవంబరులో గ్లాస్కాక్ 28 ఏళ్ల వయసులోనే చనిపోయాడు. డ్రమ్స్ వాయించే బారీమోర్ బార్లోకు అతడు ప్రాణస్నేహితుడు కావడంతో ఆ దెబ్బ నుంచి బార్లో తేరుకోలేకపోయాడు. ఆ పరిస్థితుల్లో ఆండర్సన్ కొంతకాలం బృందాన్ని పక్కనపెట్టి తన సొంత పేరుతో ఒక ఆల్బమ్ చేయాలనుకున్నాడు. 1979 పర్యటనలో తమకు ముందు వేదిక ఎక్కిన ‘యూకే’ బృందంలోని ఎడ్డీ జాబ్సన్‌ను కీబోర్డులకు, ఎలక్ట్రిక్ వయొలిన్‌కు పిలిపించుకున్నాడు. డ్రమ్స్‌కు అమెరికా నుంచి మార్క్ క్రేనీ వచ్చాడు. గ్లాస్కాక్ స్థానంలో అప్పటికే పర్యటనకు వచ్చి ఉన్న డేవ్ పెగ్ బేస్ పట్టుకున్నాడు. టేపుల డబ్బాల మీద గుర్తుకోసం వేసిన ‘ఏ’ అన్న అక్షరానికి ఆండర్సన్ అనే అర్థం తప్ప మరొక అర్థం లేదు.

తయారైన పాటలు విన్న క్రిసాలిస్ అనే రికార్డుల సంస్థ దీన్ని జెత్రో టల్ పేరుతోనే విడుదల చేద్దామని పట్టుబట్టింది, ఆండర్సన్ సరేనన్నాడు. దాంతో బార్లో, పియానో వాయించే జాన్ ఇవాన్, వాద్యమేళనం కూర్చే డేవిడ్ పామర్ (ఇప్పుడు డీ పామర్) బృందంలో లేనట్టే అయింది. ఇవాన్ నిన్న మొన్న వచ్చి చేరినవాడు కాడు. బ్లాక్‌పూల్‌లో కుర్రతనాన వీళ్లు మొదలుపెట్టిన బృందం అతడి పేరుతోనే నడిచింది. అలాంటి మనుషుల విషయం వాళ్లతో కూర్చుని మాట్లాడకముందే పత్రికకు ఎక్కిందన్నది ఆ అభిమానులందరూ ఎరిగిన చేదు కథ.

కనుక మీ ముందున్నది ఒక బృందం తరువాతి మెట్టు కాదు, ఒక వ్యక్తి సరదాపడి చేసుకున్న ప్రయోగం. మన గిత్తల జాతి సముద్రం దాటి బ్రెజిల్ చేరి, అక్కడ ‘నెలోర్’ అన్న పేరుతో కోట్లలో పెరిగింది. పేరు మీ ఊరిదే, రక్తం మన నేలదే, కాని అక్కడ దాన్ని పెంచేది మాంసానికి. పేరు చూసి ముచ్చటపడి వెళ్లి, కాడి ఎక్కడుందని వెదికితే దొరకదు.

నేను ఈ రికార్డును మొదటిసారి సరిగ్గా విన్నది బృందం పేరు మీద కాగితం ముక్క అతికించుకున్న తరువాతే. నవ్వుకోండి గాని, ఒకసారి మీరూ చేసి చూడండి.


జడ్డిగం, చీమకుర్తి

రేడియో గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, తీర్పుతోనే పేచీ. ఒక్కడే చేసుకోవడం వల్ల జానపదం పోయిందంటే, ‘సాంగ్స్ ఫ్రమ్ ది వుడ్’లోని ‘జాక్-ఇన్-ది-గ్రీన్’ సంగతి ఏమిటి? ఆ పాటలో వినిపించే వాద్యాలన్నీ ఆండర్సన్ ఒక్కడే వాయించాడు. ఆ ఆల్బమ్‌లో అంతకన్నా పచ్చగా ఉన్న పాటను నాకు చూపించండి. ఏకాంతం ఆయనను ఎన్నడూ చెడగొట్టలేదు. నలుగురు కలిసి వాయించవలసిన చోట ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నదే అసలు విషయం.

మా మేనమామ పౌరాణిక నాటకాలలో వేషాలు కట్టేవారు. ఆయనతో ఏళ్ల తరబడి వాయించిన హార్మోనిస్టు, పద్యం చివర రాగం తీసే చోట తిత్తి మీద చేతిని దాదాపు ఆపేసి, సన్నగా ఒక్క శ్రుతిని మాత్రం వదిలి, మామ మెడ వైపే చూస్తూ కూర్చునేవారు. మామ ఊపిరి పీల్చినప్పుడు మెడనరం కదులుతుంది, అది కదిలితేనే ఆయన వేళ్లు కదిలేవి. వయసు మీదపడి ఆయన మానుకున్నాక వచ్చిన కుర్రవాడు విద్వత్తులో ఆయనకు మూడింతలు. అయితే మామ గుక్క తిప్పుకునేంత సందు దొరికితే చాలు, అందులో ఒక సంగతి పెట్టేసేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. మామ తెర వెనక్కి వచ్చి చెమట తుడుచుకుంటూ, “వాడు నన్ను ఊపిరి తీసుకోనివ్వడం లేదురా” అనేవారు.

‘ఏ’లో జాబ్సన్ వాయిద్యం విన్నప్పుడల్లా నాకు ఆ కుర్రవాడే గుర్తుకొస్తాడు. కర్వ్‌డ్ ఎయిర్, రాక్సీ మ్యూజిక్, ఫ్రాంక్ జాపా బృందాలలో వాయించి వచ్చినవాడు, అతడి ప్రతిభను శంకించే అర్హత నాకు లేదు. ‘బ్లాక్ సండే’ మొదట్లో కీబోర్డుల మీద అతడు చేసిన పని చూసి ఎవరైనా నోరు తెరవవలసిందే. కాని మాటకూ మాటకూ మధ్య ఆండర్సన్ విడిచిపెట్టే జాగాలోనే కదా ఆ పాటల్లోని పల్లె కనిపించేది. ఆ జాగా నిండిపోయింది.

పోయిన ముగ్గురు తీసుకుపోయినదేమిటో కూడా చూడండి. ‘సాంగ్స్ ఫ్రమ్ ది వుడ్’లో బార్లో వాయించిన వాటిలో నేకర్స్ అనే జోడు వాద్యం ఒకటుంది. మధ్యయుగాల్లో అరబ్బుల నుంచి యూరపుకు చేరిన చిన్న జంట భేరులు అవి, ఆ పేరూ మన నగారా అన్న మాటా ఒకే వేరు నుంచి పుట్టినవి. వాటితోపాటు గ్లాకెన్‌స్పీల్, మరింబా, గంటలు కూడా అతడు పెట్టుకున్నాడు. పామర్ చేతితో మోసుకుపోయే రకం చిన్న పైప్ ఆర్గన్ వాయించాడు. ‘స్టార్మ్‌వాచ్’ చివర మాటలు లేకుండా సాగే ‘ఎలెజీ’ పామర్ కట్టినదే. వేణువు పాడుతుంటే మిగిలిన వాద్యాలు ఒక అడుగు వెనకే నడుస్తాయి, ఒక్కటీ ముందుకు తోసుకురాదు. ‘ఏ’లో అలాంటి ఒక్క నిమిషం కోసం వెదికాను.

ఇంకొక విచిత్రం ఉంది. కొత్తగా వచ్చిన ముగ్గురిలో డేవ్ పెగ్ ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ మనిషి, అంటే ఇంగ్లీషు జానపదాన్ని రాక్‌తో కలపడం నేర్పిన బడి నుంచే వచ్చినవాడు. అసలైన జానపదపు చెయ్యి బృందంలోకి వచ్చిన రికార్డులోనే జానపదం పలచబడింది! తప్పు మనుషులను మార్చడంలో కన్నా, మార్చుకున్న మనిషిని వాడుకోకపోవడంలో ఎక్కువగా ఉందని నాకు అనిపిస్తుంది.

ఇక బృందం పేరు విషయానికి వస్తే, జెత్రో టల్ అన్నది 1701లో విత్తనాలను సాళ్లలో వేసే యంత్రాన్ని తయారుచేసిన ఇంగ్లండు వ్యవసాయవేత్త పేరు. మా నల్లరేగడిలో శనగ విత్తే గొర్రుకు అది దూరపు చుట్టం, నేను ఇక్కడ జడ్డిగం అని పేరు పెట్టుకున్నదీ అందుకే. అలాంటి పేరు పెట్టుకుని, 1978లో దుక్కి గుర్రాలను తలచుకుని కుమిలిపోయిన మనిషి, రెండేళ్లు తిరగకుండానే ‘4.డబ్ల్యు.డి.’ అని నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కొనడం మీద పాట కట్టాడు. మా ఊళ్లో ఎడ్లు అమ్మినవారు కూడా ఏడాదిపాటైనా సిగ్గుపడ్డారండి.


కావలి పాసింజర్, కావలి

ఇంతమంది కలిసి ఒక రికార్డును మూల నిలబెట్టి కొడుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను. నాకు ‘ఏ’ ఇష్టం. మీరు ముగ్గురూ దాన్ని 1978 నాటి తూనికరాళ్లతో తూస్తున్నారు.

మొదట విషయాల మార్పు గురించి. అది ‘ఏ’తో మొదలైందన్న మాట సరికాదు. ‘స్టార్మ్‌వాచ్’ మొదటి పాటే ఉత్తర సముద్రంలో చమురు తవ్వకాల మీద. పల్లె తలుపు మూసుకోవడం అప్పుడే మొదలైంది, వాయించిన చేతులు పాతవి కావడం వల్ల మనకు అది వినిపించలేదంతే. 1980 నాటి లండన్ ఎలా ఉందో కూడా గుర్తుచేసుకోండి. ఏప్రిల్ 30న సాయుధులు ఇరాన్ రాయబార కార్యాలయంలోకి చొరబడి లోపలివారిని బందీలుగా పట్టుకుంటే, ఆరో రోజున సైనిక దళం లోపలికి దూకి ముట్టడిని ముగించింది. ‘క్రాస్‌ఫైర్’ దాని మీద వచ్చిన పాటే. అణుబాంబు పడితే ఇంట్లో తలుపులు ఊడదీసి వాటి చాటున ఎలా దాక్కోవాలో చెబుతూ అక్కడి ప్రభుత్వం ఆ ఏడాదే ఒక చిన్న పుస్తకాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరు ‘ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్’, ఈ ఆల్బమ్‌లో ఒక పాటకూ అదే పేరు. ‘ఫైలింగ్‌డేల్ ఫ్లయర్’ యార్క్‌షైర్‌లో క్షిపణుల రాకను కనిపెట్టే రాడార్ కేంద్రం మీద. ఇవన్నీ ఆ సంవత్సరపు వార్తలు. ఊరిలో జరిగిన దోపిడీని, వరదను, హత్యను పాటగా కట్టి పాడటం జానపదుల పని కాదా? మన దగ్గర బుర్రకథ చేసినదీ అదే కదా. అడవి ఉంటేనే జానపదమని ఎవరు నిర్ణయించారు?

రెండవది, జడ్డిగం గారు వెదికిన ఆ ఒక్క నిమిషం అక్కడే ఉంది. చివరి నుంచి రెండవది, ‘ది పైన్ మార్టెన్స్ జిగ్’ అనే వాద్యగతి. మాటలు లేవు. వేణువు, వయొలిన్, మాండలిన్ ఒకదాని వేలు ఒకటి పట్టుకుని పరుగెత్తుతుంటే, అడుగులు లెక్కపెట్టబోయేసరికి తాళం మారిపోతుంది. జానపద బాణీలను చిక్కు తాళాల రాక్‌తో కలిపే ప్రోగ్రెసివ్ ఫోక్ అనే మాటకు అర్థం అడిగిన వారికి నేను వినిపించేది ఇదే. దాని తరువాతి ‘అండ్ ఫర్దర్ ఆన్’ కూడా తీసిపారేయవలసిన పాట కాదు.

మూడవది, జాబ్సన్ ఇతరులకు జాగా ఇవ్వడన్నది స్టూడియో రికార్డు వరకే నిజం. ఇదే ఐదుగురు 1980 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో చేసిన కచేరీ, స్టీవెన్ విల్సన్ కొత్తగా మిశ్రమం చేసిన ఆల్బమ్‌తోపాటు 2021లో వచ్చిన సంపుటిలో ఉంది. తెల్లటి ఒంటిముక్క దుస్తులు వేసుకుని వ్యోమగాముల్లా తిరుగుతుంటారు, ఆ వేషాన్ని నేను సమర్థించలేను. కాని పాత పాటలకు జాబ్సన్ వయొలిన్ తోడైనప్పుడు వినండి. మేనమామ గారికి ఊపిరి బాగానే ఆడుతోంది.


పెన్నాగట్టు, నెల్లూరు

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక, మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాను. కాగితం కూడా అతికించాను.

పేరు కప్పితే కొంత కోపం తగ్గిన మాట నిజమే గాని, పాట మారలేదు. రేడియో గారు మన్నించాలి, ఆ పేరు చూసే కదా నేను డబ్బు ఇచ్చినది. పేరు పెట్టి అమ్మినవారిని వదిలేసి, పేరు చూసి కొన్నవాణ్ని కళ్లు మూసుకోమనడం న్యాయంగా లేదు.

కావలి పాసింజర్ గారు చెప్పిన జిగ్‌ను వరుసగా నాలుగుసార్లు విన్నాను. మీ మాట ఒప్పుకుంటున్నాను, అది పాత మూడు ఆల్బమ్‌లలో దేనిలోనైనా తలెత్తుకుని నిలబడుతుంది. అయితే నాకు అర్థమైనదేమంటే, అక్కడ జాబ్సన్ చేతిలో ఉన్నది ముఖ్యంగా వయొలిన్. వయొలిన్ పట్టుకున్నప్పుడు అదే మనిషి వేణువు మాట వింటున్నాడు, కీబోర్డుల ముందు కూర్చుంటే వినడం లేదు. ‘యూనిఫామ్’లోనూ వయొలిన్ వచ్చిన చోటల్లా నాకు ప్రాణం లేచివచ్చింది. 1978లో ‘హెవీ హార్సెస్’ పాటకు డారిల్ వే అనే ఆయన బయటి నుంచి వచ్చి వయొలిన్ వాయించి వెళ్లిన సంగతి అట్ట మీద చదివాను. జాబ్సన్‌ను కూడా అలాగే, ఆ ఒక్క వాద్యంతోనే కూర్చోబెట్టి ఉంటే ఈ రికార్డు మరోలా ఉండేదేమో. మనిషి మారినందుకు కాదు, ఆ మనిషికి ఇచ్చిన కుర్చీ నాకు నచ్చలేదు.

వార్తల మీద పాట కట్టడం జానపదమే అన్న వాదన బాగుంది. కాని బుర్రకథలో హత్య జరిగిన ఊరి పేరు, దారి, ఆ వేళ ఎవరి ఇంట్లో ఏం వండారో కూడా చెబుతారు. ఇక్కడ రాడార్ గది తప్ప దాని చుట్టూ ఉన్న యార్క్‌షైర్ నేల నాకు కనిపించలేదు.

ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది. అదే కొట్టులో 1982 నాటి ‘బ్రాడ్‌స్వర్డ్’ కూడా ఉంది. వచ్చే వారం మళ్లీ చెన్నై వెళ్తున్నాను. కొనమంటారా?


జడ్డిగం, చీమకుర్తి

కుర్చీ గురించి మీరు చెప్పినది నా మేనమామ కథ కన్నా సూటిగా ఉంది. జిగ్ విషయంలో కావలి గారికి నేనూ లొంగిపోతున్నాను. ఎప్పుడూ ఆ పాట రాకముందే విసుగొచ్చి ముల్లు ఎత్తేయడం నా పొరపాటు.

‘బ్రాడ్‌స్వర్డ్’ కొనండి. జాబ్సన్, క్రేనీ పర్యటన ముగిశాక వెళ్లిపోయారు. కీబోర్డులకు పీటర్ జాన్ వెటీసీ, డ్రమ్స్‌కు జెర్రీ కాన్వే వచ్చారు. కాన్వే ఒకప్పుడు ఫోదరింగే అనే జానపద రాక్ బృందంలో వాయించినవాడు కావడంతో ఎక్కడ ఆగాలో అతడికి తెలుసు. పాటలను ఆండర్సన్ తానే దిద్దుకోకుండా పాల్ శామ్వెల్ స్మిత్ అనే బయటి నిర్మాతకు అప్పగించాడు. కీబోర్డుల హోరు పూర్తిగా తగ్గలేదు గాని, బాణీలు మళ్లీ ఈల వేసుకోవడానికి వీలుగా ఉంటాయి, మీ మార్టిన్ బార్ కూడా గోడ వదిలి ముందుకు వస్తాడు. అదే కొట్టులో 1984 నాటి ‘అండర్ రాప్స్’ కూడా ఉంటే మాత్రం తొందరపడకండి. అందులో డ్రమ్స్ వాయించడానికి మనిషే లేడు, యంత్రం పెట్టారు. తీరా కొనాలనే అనిపిస్తే, ఈసారి బేరమాడండి.